నత్తి వాడిది, తొందర నాది

(ఒక అక్టోబర్ 22న, నత్తి ఉన్న పిల్లల తల్లిదండ్రులు విజయవాడలో కలుసుకున్నప్పుడు ఒక తెలుగు టీచర్ మాట్లాడినది. విన్నది విన్నట్టే రాశాం, మధ్యలో టీ కోసం ఆగిన చోటు ఒక్కటే తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? సరే.

మాది తెనాలి పక్కన ఒక ఊరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. తెలుగు టీచర్ని అని ముందే ఎందుకు చెప్తున్నానంటే, నా ఉద్యోగమంతా పిల్లల నోటి మీదే నడుస్తుంది. 'ళ'కి 'ల' పలికితే ఊరుకోను, 'శ', 'ష', 'స' మూడూ ఒకేలా పలికితే పదిసార్లు పలికిస్తాను, ఒత్తు మింగేస్తే మొహం మాడ్చుకుంటాను. అలాంటిదాని ఇంట్లో నత్తి ఉన్న పిల్లాడు పుట్టాడు. మా స్టాఫ్ రూములో ఒకావిడ, జాలితోనే అనుకోండి, "ఊళ్ళో పిల్లలందరి నోళ్ళూ బాగుచేస్తావు, ఇంట్లో వాడి సంగతే..." అని ఆపేసింది. ఆ ఆపేసిన సగం మాట నన్ను చాలా ఏళ్ళు గుచ్చింది.

వాడికిప్పుడు 21. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. అదిగో, చివరి వరసలో నీలం చొక్కా. పేరు మాత్రం నన్ను చెప్పొద్దన్నాడు. సిగ్గుపడి కాదు, "నా పేరు కూడా నువ్వే చెప్పేస్తే ఇంక నేనెందుకు రావడం" అన్నాడు. వాడిది ఉత్తరా నక్షత్రం, టే టో పా పీ, కాబట్టి పేరు 'ప'తో మొదలవుతుందని చెప్పడానికి ఒప్పుకున్నాడు. నత్తి ఉన్నవాళ్ళలో చాలామందికి అన్నిటికంటే కష్టమైన మాట వాళ్ళ పేరేనండీ. ఎందుకంటే వేరే మాటలు రాకపోతే దాని బదులు ఇంకో మాట పెట్టి దాటేయొచ్చు, పేరుకి బదులు మాట ఎక్కడ దొరుకుతుంది? పేరు మార్చమని మాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు. సంఖ్యాశాస్త్రం చూసే ఒకాయన 'అ'తో పెట్టుకోండి, సాఫీగా వస్తుంది అన్నాడు. నిజానికి వాడికి 'అ' సులువే, ఆ మాట ఆయనకి ఎలా తెలిసిందో మరి.

మూడేళ్ళు నిండాక మొదలైంది. అప్పటిదాకా గలగలా మాట్లాడేవాడు. ఒకరోజు "నా నా నా నాన్న వచ్చాడు" అన్నాడు, మేం ముద్దుగా ఉందని నవ్వుకున్నాం, ఇంకోసారి అనమన్నాం కూడా. ఆరేడు నెలలకి అది మారిపోయింది. మాట పదేపదే రావడం పోయి అసలు రాకుండా పట్టేయడం మొదలైంది. పెదాలు బిగుసుకునేవి, కళ్ళు గట్టిగా మూసుకునేవాడు, కుడికాలు నేలకేసి కొట్టేవాడు, అప్పుడు మాట ఊడి బయటపడేది. దీన్ని బ్లాక్ అంటారని తర్వాత తెలిసింది. ఆ కాలు తన్నడం, కళ్ళు మూయడం నత్తి కాదట, నత్తిలోంచి బయటపడటానికి పిల్లాడు తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయాలట. ఒకసారి పనిచేస్తుంది, రెండోసారి పనిచేస్తుంది, ఆ తర్వాత అది కూడా అలవాటై కూర్చుంటుంది.

మా అత్తగారు వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించారు. ఎక్కువ మాట్లాడే పిల్లల్ని "చిన్నప్పుడు వస పోశారా" అంటాం కదా, ఆ వసే. ఎవరో గుడి గంటలో నీళ్ళు పోసి తాగించమన్నారు, తాగించాం. గులకరాళ్ళు నోట్లో పెట్టి మాట్లాడించమన్నారు, అది గ్రీసు దేశపు వక్త డెమోస్తనీస్ కథలోంచి వచ్చిందిలెండి, మింగేస్తాడని భయపడి నేను ఒప్పుకోలేదు. నాలుక కింద కొంచెం కోయిస్తే సరిపోతుందన్నారు ఇంకొకరు, డాక్టరు చూసి నాలుకకీ దీనికీ సంబంధం లేదని పంపేశాడు. ఇంగ్లిష్ మీడియం వల్లే అన్నారు, రెండు భాషలు తలకెక్కి కలబడుతున్నాయని. అదీ కాదు, రెండు భాషలు మాట్లాడటం వల్ల నత్తి రాదు. అయినా నేను అత్తగారిని తప్పుపట్టను. ఆవిడ చేసిన వైద్యం వల్ల పిల్లాడికి తేనె దొరికింది, అంతే. నేను చేసిన వైద్యం వల్లే అసలు నష్టం జరిగింది.

నేనేం చేశానో చెప్తాను, ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది ఇప్పటికీ అదే చేస్తుంటారు, చేతులెత్తమని అడగనులెండి. వాడు నోరు తెరిచి ఇబ్బంది పడుతుంటే ఆ మాట నేనే అందించేసేదాన్ని. "పు... పు..." అంటే "పుస్తకం కావాలా? తీసుకో." ఒక్కోసారి వాడు అడగబోయింది పులిహోర. పుస్తకం తీసుకుని వెళ్ళిపోయేవాడు! ఇంటికి ఎవరైనా వస్తే వాడి తరఫున జవాబులన్నీ నావే, ఏ క్లాసు, ఎన్ని మార్కులు, పెద్దయ్యాక ఏమవుతాడు, అన్నీ నేనే. ఇంకొకటి, "నెమ్మదిగా. ఊపిరి పీల్చుకో. మనసులో అనుకుని అప్పుడు చెప్పు." రోజుకి ఎన్నిసార్లు అనేదాన్నో. మీరెవరైనా చెప్పులు వేసుకుంటున్నప్పుడు పక్కన ఒకరు నిలబడి "కుడికాలు, జాగ్రత్త, ఊపిరి పీల్చు" అని రోజూ అంటుంటే నాలుగు రోజుల్లో చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోతారు. నేను ప్రేమతోనే అన్నాను. కానీ వాడికి వినపడింది వేరు, ఇలా మాట్లాడితే అమ్మకి నచ్చదు అని.

అందుకని వాడు అలా మాట్లాడటం మానేశాడు. నత్తి తగ్గిందని నేను పొంగిపోయాను. ఏడో క్లాసు, ఎనిమిదో క్లాసు నాటికి ఇంట్లో నత్తి వినపడటమే తక్కువ. మా ఆయన కూడా "పెద్దయ్యేకొద్దీ పోతోంది" అన్నాడు. మా వాడు బుద్ధిమంతుడు, నోట్లో నాలుక లేనివాడు అని బంధువులు మెచ్చుకునేవాళ్ళు. నాలుక ఉంది బాబూ, మేమే లోపల పెట్టించాం.

అది ఎలా బయటపడిందంటే, ఇంటర్ కోసం వాడిని ఇక్కడే పటమటలో మా చెల్లెలి ఇంట్లో ఉంచాం. రోజూ సిటీ బస్సు. ఒకరోజు నేను చూడ్డానికి వచ్చి వాడితో పాటు బస్సెక్కాను. కండక్టర్ వస్తే వీడు "ఆటోనగర్ రెండు" అన్నాడు. మనం దిగేది పటమటలో కదరా, ఆటోనగర్ దాని తర్వాత కదా అంటే మాట్లాడలేదు. దిగాక, వంతెన పక్కన నడుస్తూ చెప్పాడు. పటమట అనడానికి 'ప' రాదని, ఆటోనగర్ అయితే నోరు తెరిస్తే చాలని, అందుకే ఏడు నెలల నుంచి రోజూ తర్వాతి స్టేజీకి టిక్కెట్టు కొని ముందే దిగిపోతున్నానని. ఆ రోజు సాయంత్రం హోటల్లో ఇంకోటి తెలిసింది. వాడికి పెసరట్టు ప్రాణం. హోటల్లో ఎప్పుడూ ఇడ్లీ చెప్తాడు. నేను ఇన్నాళ్ళూ వాడికి ఇడ్లీ ఇష్టమనుకున్నాను, ఇంట్లో కూడా అదే చేసి పెడుతున్నాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కన్నకొడుకు ఏం తింటాడో కూడా తెలియదు నాకు, ఇంక తెలుగు వచ్చి ఏం లాభం?

అమెరికాలో జోసెఫ్ షీహాన్ అనే ఆయన, ఆయనకీ నత్తి ఉండేది, నత్తిని సముద్రంలో మంచుకొండతో పోల్చాడు. పైకి కనిపించేది కొంచెమే, సిగ్గు, భయం, మాట మార్చడం, ఫోన్ ఎత్తకపోవడం ఇవన్నీ నీళ్ళ కింద ఉంటాయి. మా ఇంట్లో జరిగింది చెప్పాలంటే, పైన ఉన్న ముక్కని నేను తొక్కీ తొక్కీ నీళ్ళలోకి దింపాను, కొండ మొత్తం కరిగిపోయిందని పండగ చేసుకున్నాను.

ఇక్కడ తల్లులు చాలామంది మనసులో ఒక ప్రశ్న పెట్టుకుని వచ్చుంటారు, నావల్లే వచ్చిందా అని. కాదు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. వెండెల్ జాన్సన్ అనే అమెరికన్ ప్రొఫెసర్, ఆయనకి కూడా నత్తే, నత్తి పిల్లల నోట్లో కాదు తల్లిదండ్రుల చెవిలో పుడుతుందన్నాడు. మామూలు తడబాటుని పెద్దవాళ్ళు నత్తి నత్తి అంటే అదే నత్తి అవుతుందని ఆయన లెక్క. దాన్ని తేల్చడానికి 1939లో అయోవా రాష్ట్రంలో ఒక అనాథాశ్రమంలోని 22 మంది పిల్లల మీద ప్రయోగం చేయించాడు. బాగా మాట్లాడే పిల్లల్లో కొందరిని పట్టుకుని మీ మాట బాగాలేదు, నత్తి వస్తోంది, సరిగ్గా పలకలేకపోతే నోరు విప్పొద్దు అని నెలల తరబడి చెప్పించారు. పాపం ఆ పిల్లలకి అమ్మానాన్నలు లేరు, అడిగేవాళ్ళు లేరు. ఆ పిల్లలకి అసలైన నత్తి రాలేదు. కానీ వాళ్ళు మాట్లాడటం తగ్గించేశారు, క్లాసులో చెయ్యి ఎత్తడం మానేశారు, ముడుచుకుపోయారు. ఆయన పనిచేసిన అయోవా విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది. అది చదివినప్పుడు నాకు ఒక పక్క ఊరట, ఒక పక్క వణుకు. నత్తి నావల్ల రాలేదు. ముడుచుకుపోవడం మాత్రం నావల్లే.

మరి ఎక్కడ నుంచి వచ్చింది అంటే, మా ఇంట్లో జవాబు కళ్ళెదురుగానే ఉంది. మా మరిదికి నత్తి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళ దాకా నాకు తెలియదంటే నమ్ముతారా? ఆయన నాతో మాట్లాడేదే "ఊ", "సరే వదినా", అంతవరకే. ఇది కుటుంబాల్లో నడుస్తుందని డాక్టర్లకి చాలాకాలంగా తెలుసు. 2010లో పాకిస్తాన్‌లోని కొన్ని కుటుంబాలని పరిశీలించి ఫలానా జన్యువుల్లో మార్పులున్నాయని కూడా కనిపెట్టారు. అన్ని కేసులూ అవే అని కాదు గానీ, మెదడు మాటని నడిపే తీరులో ఉన్న తేడా ఇది, పెంపకం లోపం కాదు, పిరికితనం అంతకన్నా కాదు. మా మరిదిని చిన్నప్పుడు మా మామగారు నత్తి వచ్చినప్పుడల్లా వీపు మీద ఒకటి వేసేవారట. లెక్కల్లో మహా తెలివైన మనిషి, లెక్చరర్ అవ్వాలనుకున్నాడు, ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ వ్యాపారి దగ్గర పద్దులు రాస్తాడు. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు నువ్వు నోరు తెరవకు, మేం చూసుకుంటాం అన్నారట పెద్దవాళ్ళు. అమ్మాయి తరఫు వాళ్ళు అబ్బాయి మితభాషి, ఎంత సంస్కారం అని మురిసిపోయారు. ఆ తర్వాత మా తోటికోడలు ఒక్కటే అడిగింది, "నత్తని చెప్తే నేనేమైనా వద్దనేదాన్నా? నాకు చెప్పలేదనే బాధ" అని.

స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాం, ఆలస్యంగా. ఇక్కడ మూడు నాలుగేళ్ళ పిల్లల్ని తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి చెప్తున్నాను, మీరు మాలాగా ఆలస్యం చెయ్యకండి. చిన్నపిల్లల్లో నూటికి కనీసం అయిదుగురికి ఏదో ఒక దశలో నత్తి వస్తుంది, వాళ్ళలో నలుగురిలో ముగ్గురికి పైగా తగ్గిపోతుంది. నిజమే. కానీ మీవాడు ఆ ముగ్గురిలో ఉన్నాడో నాలుగోవాడో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇంట్లో ఇంకొకరికి ఉన్నా, ఆరు నెలలు, ఏడాది దాటినా, మాట పట్టేసి మొహం బిగుసుకుంటున్నా, వెంటనే చూపించండి. మగపిల్లలైతే మరీను, పెద్దయ్యాక నత్తి మిగిలేది వాళ్ళకే ఎక్కువ. మాట, వినికిడి ఇబ్బందులు చూసే ప్రభుత్వ సంస్థలున్నాయి, సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచీ ఉంది. గ్యారంటీగా పది రోజుల్లో మాన్పిస్తాం అని బోర్డు పెట్టుకున్నవాడి దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. మేం ఒకడికి డబ్బు కట్టాం, చెప్పుకుంటే సిగ్గు, ఊరు పేరు ఎందుకులెండి.

ఆ థెరపిస్ట్ అమ్మాయి, నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, మొదటి రోజు వాడికి ఏం చెప్పలేదు, నాకు చెప్పింది. "మేడమ్, వాడిని కాదు, మీరు నెమ్మదిగా మాట్లాడండి." వాడి మాట పూర్తి చెయ్యొద్దు. మాట పట్టేసినప్పుడు కళ్ళు తిప్పుకోవద్దు, జాలి మొహం పెట్టొద్దు, ఎలా చెప్పాడో కాదు ఏం చెప్పాడో దానికి జవాబివ్వండి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. చేసి చూడండి. వాడు ఒక మాట దగ్గర ఆగినప్పుడు నాలుగు సెకన్లు, అయిదు సెకన్లు, నా నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంటుంది, గొంతు దాకా వస్తుంది, దాన్ని మింగి కూర్చోవాలి. మొదటివారం నాకే తలనొప్పి వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేళ్ళూ వాడి నత్తితో నా గొడవ ఏమిటో. అది వాడి బాధ చూడలేక అనుకున్నాను. చాలావరకు నా తొందర.

వాడికి ఆ అమ్మాయి నేర్పినవి వేరు. పట్టేసిన మాటని బలంగా తొయ్యకుండా వదులుగా జారనివ్వడం, పెదాలు మెత్తగా తగిలించడం, ఇంకా విచిత్రం, కావాలని నత్తిగా మాట్లాడటం! బజారుకి పోయి, వచ్చే మాటని కూడా రానట్టు పలికి రావాలి, అది హోంవర్కు. ఎంతకాలం భయపడి దాచావో దాన్నే నువ్వే బయటపెడితే భయం పలచబడుతుందని. నేను పంతులమ్మని కదా, తప్పు పలకడం హోంవర్కా అని ఎదురుతిరిగాను. ఆ హోంవర్కు చేస్తూనే మా వాడు మొదటిసారి పెసరట్టు తెప్పించుకుని తిన్నాడు. సర్వర్ నవ్వాడట. "నవ్వాడు, తెచ్చాడు కూడా" అన్నాడు వీడు.

ఇంకో ముచ్చట. వాడికి పద్యం చదివితే నత్తి రాదు. శతక పద్యం రాగం తీసి చదివితే మా క్లాసులో ఎవరూ పనికిరారు. పాడినా, పదిమందితో కలిసి చదివినా, మా ఇంటి కుక్కతో మాట్లాడినా నత్తి పోతుంది, ఇది చాలామందిలో ఉండేదే. దాన్ని పట్టుకుని జనం "చూశారా, కావాలంటే వస్తుంది, మనసు పెట్టడు" అంటారు. స్కూల్లో ఉన్నప్పుడు ఒక సారు అదే అన్నాడు, హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" రాక నిలబడితే, పద్యానికి వచ్చే నోరు దీనికి రాదా అని ఆబ్సెంట్ వేశాడు. వాడు ఎదురుగా నిలబడి ఉన్నాడండీ! నేను కూడా టీచర్నే కాబట్టి ఇప్పుడు నా క్లాసులో హాజరుకి చెయ్యెత్తితే చాలు. కావాలంటే పలకొచ్చు, కావాలంటే చెయ్యి. దీనికి జీవో అక్కర్లేదు.

బంధువులు ఒక జాబితా చదువుతుంటారు, హృతిక్ రోషన్‌కి నత్తి ఉండేదట, బైడెన్‌కి ఉండేదట, వాళ్ళు జయించలేదా అని. మంచికే చెప్తారు. కానీ పిల్లాడికి అందులో వినపడేది, పోతేనే నువ్వు మనిషివి అని. నాకు నచ్చే మనిషి ఈఎంఎస్ నంబూద్రిపాద్. 1957లో కేరళ మొదటి ముఖ్యమంత్రి. ఆయనకి నత్తి పోలేదు, దాంతోనే జీవితమంతా సభల్లో ఉపన్యాసాలు ఇచ్చాడు. మీకు ఎప్పుడూ నత్తేనా అని ఎవరో అడిగితే, "లేదు, మాట్లాడినప్పుడే" అన్నాడని చెప్పుకుంటారు. ఇది చెప్పగానే మా వాడు పడీపడీ నవ్వాడు, వెంటనే వాళ్ళ బాబాయికి ఫోన్ చేసి చెప్పాడు. ఆ జోకు చెప్పడానికి వీడికి చాలాసేపు పట్టింది, అవతల ఆయన ఆగాడు. నవ్వి ఆయన ఏదో అనబోయాడు, ఆయనకి పట్టేసింది, ఇవతల వీడు ఆగాడు. మా మరిది ఫోన్లో అంతసేపు మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఇద్దరూ గంట మాట్లాడుకుంటారు, మామూలు వాళ్ళయితే అరగంటలో అయిపోయే కబుర్లే.

ఈ మధ్య వాళ్ళ కాలేజీలో క్యాంపస్ ఇంటర్వ్యూలు. జామ్ అని ఒక రౌండు ఉంటుంది, ఏదో ఒక విషయం ఇస్తారు, ఒక్క నిమిషం ఆగకుండా మాట్లాడాలి. ఉద్యోగానికీ ఆగకుండా మాట్లాడటానికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాదు, కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కదా. టెన్షన్ నాకే, రెండు రోజులు అన్నం సహించలేదు. వీడు లోపలికి వెళ్ళి ముందే చెప్పాడట, "నాకు నత్తి ఉంది, మధ్యలో ఆగుతాను, ఆగానంటే అయిపోయిందని కాదు" అని. ఒకచోట సరే అన్నారు, ఒకచోట గడియారం చూశారు. ఉద్యోగం వచ్చిందా అని అడగబోతున్నారు కదూ? ఇంకా రాలేదు. వాళ్ళ క్లాసులో గడగడా మాట్లాడేవాళ్ళకి కూడా రాలేదు.

నత్తి తగ్గిందా అంటే, కొన్ని రోజులు తక్కువ, కొన్ని రోజులు ఎక్కువ, నిద్ర చాలకపోతే ఎక్కువ, ఈ ఉదయం మరీ ఎక్కువ. బస్సులో మాత్రం పటమట అనే అడుగుతున్నాడు, ఇవాళ కండక్టర్ విసుక్కుంటే "ఒక్క నిమిషం అన్నా" అని ఆపి మరీ చెప్పాడు. నేను పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూశాను. అలా చూడకూడదని తెలుసు. ఇప్పటికీ ఒక్కోసారి చూస్తాను.

ఇందాకట్నుంచి వెనక నుంచి చెయ్యి ఊపుతున్నాడు మీరు చూశారో లేదో. ఏంట్రా? టిక్కెట్టా? ఏడు నెలలు కాదట, ఏడాదిన్నరట. నాకు తగ్గించి చెప్పాడన్నమాట! ఇంకా ఏవో తప్పులున్నాయంటున్నాడు నేను చెప్పినదాంట్లో. రా, ఇక్కడికి రా, నువ్వే చెప్పు. బాబూ, ఆ ఫ్యాన్ ఒక్కటి కట్టెయ్యండి, మైకులో గాలి కొడుతోంది.